మెల్‌బోర్న్ దాడులకు ఒక్క కారణం చాలదు

సంపాదకులకు,

ఆస్ట్రేలియాలో భారతీయ విద్యార్థులపై 2009 నాటి దాడులకు జాతి విద్వేషమే ఏకైక మూలమన్న మీ వ్యాసకర్త తీర్మానం విషయాన్ని మరీ సులువు చేసింది. నేరశాస్త్రం, అంటే నేరాల కారణాలనూ తీరుతెన్నులనూ పరిశీలించే శాస్త్రం, ఒంటిపై జరిగే దౌర్జన్యాన్ని దాడిగానూ, బలప్రయోగంతోనో బెదిరింపుతోనో సొత్తు లాక్కోవడాన్ని దోపిడీగానూ విడదీసి లెక్కిస్తుంది. ఆస్ట్రేలియా నేరశాస్త్ర సంస్థ 2005–09 నాటి పోలీసు రికార్డులను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, భారతీయ విద్యార్థులపై దాడుల రేటు సాధారణ జనాభా సగటుకు సమానంగానో తక్కువగానో ఉండగా, దోపిడీల రేటు మాత్రం పెద్ద రాష్ట్రాల్లో సగటును మించినట్టు తేలింది. వారానికి 20 గంటలే పనిచేయనిచ్చే అప్పటి వీసా నిబంధన, పెట్రోలు బంకుల్లో, టాక్సీల్లో రాత్రి పని, అద్దె తక్కువని ఎంచుకున్న దూరపు శివారు, అర్ధరాత్రి రైలు ప్రయాణం కలిసి ఆ విద్యార్థులను దొంగలకు అందుబాటులో నిలిపాయి.

అంతమాత్రాన విద్వేషం లేనట్టు కాదు. పోలీసు రికార్డుల్లో నేరస్థుడి ఉద్దేశం సరిగా నమోదు కాదు గనుక ఆ అధ్యయనం దానిని తేల్చలేకపోయింది, విద్వేషం లేదని అనడానికి అక్కడి అధికారులు చూపిన తొందర కూడా మెచ్చదగినది కాదు. 2009 మే 31న మెల్‌బోర్న్ వీధుల్లో ఈ దాడులపై వేలాది మంది విద్యార్థులు నిరసనకు దిగారు. ఆపై భారతీయ విద్యార్థుల రాక బాగా తగ్గింది, అయితే అందులో వీసా నిబంధనలు బిగించడానికీ వాటా ఉంది. వ్యాసకర్త ప్రస్తావించని పరిణామం మరొకటి: విద్వేషం నేరానికి ప్రేరణ అయితే శిక్ష విధించేటప్పుడు న్యాయస్థానం దానిని లెక్కలోకి తీసుకోవాలని విక్టోరియా రాష్ట్రం 2009లోనే చట్టాన్ని సవరించింది.

— ఒక పాఠకుడు, మెల్‌బోర్న్