ఎలుక మూతి వాసన

బయట తిని వచ్చిన ఎలుక మూతిని బొరియలోని తోటి ఎలుక వాసన చూస్తుంది. ఆ తిండి మర్నాడు తనకు ఎదురుపడితే అంతగా జంకదు. 1980లలో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో బెనెట్ గాలెఫ్ ఈ సంగతిని ఓపిగ్గా పరీక్షించాడు. వట్టి తిండి వాసన చాలదట. ఊపిరిలో కలిసి వచ్చే కార్బన్ డైసల్ఫైడ్ కూడా దానికి తోడవ్వాలి. అంటే, బతికున్న ఎలుక తిన్నదన్న సాక్ష్యం కావాలన్నమాట.

ఇందులో ఓ వింత ఉంది. తిని వచ్చిన ఎలుక జబ్బుపడి కూలబడి ఉన్నా సరే, దాని మూతి వాసన చూసింది వెళ్లి అదే తిండిని ఇష్టంగా తిన్నది. పక్కవాడి కడుపునొప్పి దానికి పాఠం కాదు! తెలివితక్కువ అనబోతాం గానీ, విషం తిన్నది బొరియ దాకా తిరిగి రావడమే అరుదు. వచ్చిందంటే ఆ తిండి మంచిదేనన్న లెక్క చాలాసార్లు నిజమే అవుతుంది.

తన కడుపునొప్పిని మాత్రం ఎలుక మరవదు. మింగింది కక్కే వీలు లేని ప్రాణి అది. కొత్తదాన్ని కాస్త కొరికి ఆగుతుంది. 1955లో అమెరికాలో జాన్ గార్సియా, శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగే ఎలుకలకు రేడియేషన్‌తో వికారం పుట్టించాడు. అవి ఆ తీపినే మానేశాయి. తాగాక గంటల తర్వాత వికారం వచ్చినా తప్పు రుచి మీదే వేస్తాయని తర్వాత తేలింది. శిక్ష వెంటనే పడితేనే జంతువు నేర్చుకుంటుందని నమ్మిన పండితులకు ఇది చాలాకాలం మింగుడు పడలేదు.

మన వరి రైతులకు ఈ గుణం చేలోనే తెలుసు. నూకలకు నూనె పట్టించి, ముందు విషం లేకుండా పెట్టి మచ్చిక చేసి, ఆ తర్వాతే జింక్ ఫాస్ఫైడ్ కలుపుతారు. అయినా కొంచెం తిని బతికి బయటపడిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదు. బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు తీరు వేరు. అది తిన్న ఎలుక కొన్ని రోజుల పాటు మామూలుగానే తిరుగుతుంది. ఏ ముద్దకు ఏ బాధో పోల్చుకునే వీలే ఉండదు. ఈలోగా బొరియలో మిగతావి దాని మూతి వాసన చూస్తూనే ఉంటాయి.