గౌతమికి అవతల కల్యాణపురం

కోనసీమలో ఎదుర్లంక దగ్గర నిలబడి చూస్తే గౌతమి అవతలి గట్టున యానాం. ఇప్పుడు బాలయోగి వంతెన మీదుగా దాటేస్తున్నాం గానీ, 1954 దాకా అది ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలోని నేల. ఈ సరిహద్దు దాటిన సరుకుల మాటెలా ఉన్నా, దాటించిన ఆడపిల్లల గురించి మనం మాట్లాడుకోవాలి.

శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్ళి చేస్తే నేరం. యానాంలో ఆ చట్టం చెల్లదు. ఇంకేం, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని పెళ్ళివారు నది దాటారు. ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయంటే, ఆ ఊరికి కల్యాణపురమనే పేరే వచ్చింది. ఎంత ముచ్చటైన పేరో!

మూడుముళ్ళు పడ్డాక పిల్ల మళ్ళీ ఇవతలి గట్టుకే వచ్చింది. అదే అత్తవారిల్లు, ఒళ్ళు ముదరకుండానే కానుపులు, మొగుడు పోతే వైధవ్యం. ఇదే గోదావరి మీద, ఎగువన రాజమండ్రిలో, వీరేశలింగం 1881లో మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి యాభై ఏళ్ళు కావస్తోంది.

ఇదంతా నది దాటినవాళ్ళ తెలివేనని నేను అనుకోను. చట్టంలోనే లొసుగుంది. పెళ్ళి చేసినవాళ్ళకి నెల రోజుల జైలో, వెయ్యి రూపాయల జరిమానానో అంది గానీ, జరిగిన పెళ్ళిని మాత్రం రద్దు చెయ్యలేదు. ఆ ఒక్కరోజు ఎక్కడో గడిపేసి వస్తే సరిపోయేది.

2006 చట్టంలోనూ, కొన్ని సందర్భాల్లో తప్ప, బాల్యవివాహం దానంతటది రద్దు కాదు. ఆ అమ్మాయి 20 నిండేలోగా కోర్టుకెళ్ళాలి. మైనరైతే ఆమె తరఫున సంరక్షకులో, ఆమె మేలు కోరి నిలిచే మరొకరో (నెక్స్ట్ ఫ్రెండ్), బాల్యవివాహ నిషేధాధికారితో కలిసి వెయ్యాలి. పెళ్ళి చేసిందే ఆ సంరక్షకులైతే?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది.

1098కి ఫోనొస్తే మనం పరిగెడతాం, పెళ్ళి ఆపిస్తాం, తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకుంటాం. కొన్నాళ్ళకే ఏ బంధువుల ఊళ్ళోనో తాళి పడుతుంది. ఇప్పుడు పక్క మండలమే యానాం. కాగితం రాయించుకున్న మర్నాటి నుంచి ఆ పిల్ల ఎక్కడుందో, బడికెళ్తోందో లేదో ఎవరు చూస్తున్నారు? పెళ్ళయిపోయిన అమ్మాయికి రద్దు కోరే హక్కుందని మన సంఘాల్లో ఎంతమందిమి చెబుతున్నాం? వచ్చే సమావేశానికి ప్రతి మండలం నుంచీ రెండు లెక్కలు తీసుకురండి: మనం ఆపిన పెళ్ళిళ్ళలో ఆరు నెలల తర్వాత కూడా చదువుకుంటున్న పిల్లలెందరు, పెళ్ళి రద్దు కోసం కోర్టు మెట్లెక్కిన వాళ్ళెందరు.