రిజిస్ట్రేషనే రక్షణ కాదు

మన పట్టణములలో సామాన్యగృహస్థుడు తన జీవితార్జితమంతయు వెచ్చించి ఇల్లు కొనుచున్నాడు. రిజిస్ట్రేషను జరిగినతోడనే హక్కు స్థిరపడినదని నమ్ముచున్నాడు. ఈ నమ్మకము ప్రమాదకరమని హెచ్చరించుట మా విధి. 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము దస్తావేజును నమోదు చేయించునేగాని, అమ్మువానికి హక్కున్నదని పూచీపడదు.

ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెచ్చితిమి, చాలదా యని కొందరందురు. చాలదు. అందు రిజిస్టరైన వ్యవహారములే కానవచ్చును. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటతో జరిగిన పంపకము అందు కానరావు. మూలదస్తావేజులు బ్యాంకున కుదువపెట్టి తెచ్చిన అప్పు సైతము ఒక్కొక్కప్పుడు అందు కెక్కదు.

కావున బయానా ఇచ్చుటకు ముందే అసలు దస్తావేజులను కన్నులార చూడవలెను, నకళ్లతో తృప్తిపడరాదు. హిందూ అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకును సమభాగమున్నదని 2005 సవరణచట్టము చెప్పుచున్నది. వారి సంతకములు లేని క్రయపత్రము రేపటి వ్యాజ్యమునకు బీజము. జనరల్ పవరాఫ్ అటార్నీ కాగితము మాత్రముచేత యాజమాన్యము సంక్రమింపదని సుప్రీముకోర్టు 2011లో స్పష్టపరచినది.

ఇవి యడిగినచో అమ్మువారు నొచ్చుకొందురని మనవారు మొగమాటపడుదురు. సద్భావముతో అమ్మువాడు పత్రములు చూపుటకు వెనుదీయడు. వెనుదీయువానితో బేరమే వలదు. ఒక్కదినపు మొగమాటమునకు జీవితకాలపు కష్టార్జితము వెల కారాదు.