బొమ్మకి డబ్బు కట్టి బంగారం కొన్నామనుకోకండి

అక్షయ తృతీయ దగ్గర పడిందంటే చాలు, నా ఫోన్ నిండా లక్ష్మీదేవులే. "ప్రత్యేక స్మారక నాణెం, లిమిటెడ్ ఎడిషన్, ముందు ముందు సేకరించేవాళ్ళు ఎగబడి కొంటారు" అంటూ. మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఆ ప్రకటన పెట్టి, కింద "ఇది ఖర్చు కాదమ్మా, పెట్టుబడి" అని రాసింది. ఆ మాట చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. దాన్ని నమ్మి చేతులు కాల్చుకున్నదాన్ని నేను.

కొన్నేళ్ళ క్రితం చీటీ డబ్బుతో ఒక బ్యాంకులో పది గ్రాముల బొమ్మ నాణెం కొన్నాను. అందమైన అట్ట, సీలు, సర్టిఫికెట్. అదే వారం మా ఆడపడుచు సాదా పది గ్రాముల బిస్కెట్ కొంది. "ఏం వదినా, బొమ్మ లేకపోతే బంగారం కాదా?" అని నవ్వింది కూడా. మా అమ్మాయి కాలేజీ ఫీజుకి నాణెం తీయాల్సి వచ్చి బ్యాంకుకెళ్తే, "మేం అమ్ముతామే గానీ తిరిగి కొనమండీ" అన్నారు. రిజర్వ్ బ్యాంకు నిబంధనే అదట. కొనేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బంగారం కొట్టుకెళ్తే అతను సీలు కోసి, అట్ట పక్కన పడేసి, నాణేన్ని కాటాలో వేశాడు. "బొమ్మకి ధర ఉండదమ్మా" అన్నాడు. మా ఆడపడుచు బిస్కెట్‌కి వచ్చిన రేటే నాకూ వచ్చింది. ఎక్కువ కట్టింది మాత్రం నేను.

"అయినా లాభమే వచ్చిందిగా" అన్నారు మా ఆయన. వచ్చింది. బంగారం ధర పెరిగింది కాబట్టి వచ్చింది. బొమ్మ వల్ల ఒక్క పైసా రాలేదు. ఆ పెరుగుదల చాటునే మన నష్టం దాక్కుంటుంది.

లెక్క వేసి చూడండి. నాణెంలో బంగారం విలువ 100 రూపాయలనుకోండి. తయారీకీ అట్టకీ 8 వేస్తే 108. దానిమీద 3 శాతం జీఎస్టీ కలిపితే 111 దాటుతుంది. అదే ధరకి అమ్మితే చేతికొచ్చేది 100, అదీ కొట్టతను ఇంకో రూపాయో రెండో తగ్గించకపోతే. సాదా బిస్కెట్‌కీ జీఎస్టీ తప్పదు, కానీ ఆ పైన వేసేది తక్కువ. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక సేకరణ విలువ. ఒక నాణేనికి ఆ విలువ రావాలంటే మిగిలినవి కొన్నే ఉండాలి, కావాలనేవాళ్ళు చాలామంది ఉండాలి. వేలమంది కొని, వేలమందీ సీలు విప్పకుండా బీరువాలో దాచిన వస్తువు అరుదెలా అవుతుంది?

పాతవాటి సంగతీ చెబుతాను. మా అత్తయ్య దగ్గర ఐదో జార్జి బొమ్మ ఉన్న కాసులు రెండున్నాయి. కాసు అంటే దాదాపు 8 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. 1918లో ఒక్క ఏడాది మాత్రం ఈ బ్రిటిష్ సవరన్లు బొంబాయిలో కొట్టారు. గుర్రం కాళ్ళ కింద, సంవత్సరం పైన చిన్న ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటుంది. మా వాటికి అది లేదు. పైగా దండలో గుచ్చడానికి కొక్కేలు అతికించారు, ప్రతి శ్రావణమాసం కుంకుడు రసంతో తోమారు. అతుకు పడ్డ నాణేన్నీ, తోమి అరగదీసిన నాణేన్నీ సేకరించేవాళ్ళు పక్కన పెట్టేస్తారు. కాబట్టి మాకు అవి బంగారమే, పురాతన వస్తువులు కావు.

జ్ఞాపకంగా కొనుక్కోవడం వేరు. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి హైదరాబాద్ మింట్‌లో వంద రూపాయల నాణెం చేశారు. అందులో వెండి సగమే. అభిమానంతో కొన్నవాళ్ళని నేనేమీ అనను. వాళ్ళు ఇష్టానికి ఖర్చు పెట్టారు, ఆ సంగతి వాళ్ళకి తెలుసు. ఖర్చుని పట్టుకుని పెట్టుబడి అని మనకి అంటగట్టేవాళ్ళ మీదే నా కోపం. ఎందుకంటే చీటీల్లో, పోపుల డబ్బాల్లో కూడబెట్టిన ఈ డబ్బే మనలో చాలామందికి సొంతమని చెప్పుకోడానికి ఉన్నది. దాన్ని అట్టకీ బొమ్మకీ పోయడమేంటి?

నగ కన్నా నాణెం నయం కదా అంటారా? దాచుకోడానికైతే నయమే, తరుగూ మజూరీ బాధ తగ్గుతుంది. అలాంటప్పుడు సాదాదే కొనండి. కొనేముందు కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా అడగండి. ఈ రోజు బంగారం ధర ఎంత, దాని మీద ఎంత వేస్తున్నారు, రేపు మీరే తిరిగి కొంటారా, కొంటే డబ్బిస్తారా, వస్తువే తీసుకోమంటారా? జవాబు బిల్లు మీద రాసిమ్మనండి. నసిగితే లేచి వచ్చేయండి.