ఓదార్పు మనది, బాధ్యత సర్కారుది

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని చీరాలకు పరుగెత్తారు, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చుండూరు జనం తమవాళ్లను ఊళ్లోనే పూడ్చిపెట్టి, ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు.

ఇంత ఘోరం చూసినవాళ్లు ఎలా బతికారు? ఒకరికొకరు ఉన్నారు గనక బతికారు. ఇది మన పేటల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకింట్లో మొగుడు పోతే తోడికోడలొచ్చి పొయ్యి వెలిగిస్తుంది. మేనమామ పిల్లల్ని తీసుకుపోయి బడిలో వేస్తాడు. కొడుకుని పోగొట్టుకున్న ముసలమ్మే కోడల్ని పక్కన పడుకోబెట్టుకుని రాత్రి తెల్లవారుస్తుంది. పిన్నీ, అత్తా, బావా అన్న పిలుపుల్లో పేట పేటంతా ఒకే ఇల్లు. మనకు పొలాల్లేవు, బ్యాంకుల్లో డబ్బుల్లేవు. మనకున్న ఆస్తి ఈ చుట్టరికమే.

అయితే, "మీవాళ్లకి ఓర్పెక్కువండీ" అని మెచ్చుకునే పెద్దమనుషులున్నారే, వాళ్ల మాట మనకొద్దు. ఓర్చుకుంటున్నారు కదా అని ఎన్నాళ్లు కొడతారు? మనవాళ్లు మనవాళ్లను సాకుతున్నారు కదా అని సర్కారు చేతులు దులుపుకోవచ్చా?

ఇంకో సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. మన బలం ఎక్కడుందో దెబ్బ కొట్టేవాడికీ తెలుసు. అందుకే రాజీ మాట చుట్టాల నోటితోనే పంపిస్తాడు. "ఉన్న ఒక్క కొడుకునీ పోగొట్టుకుంటావా, సాక్ష్యం మానుకో" అని అత్తచేతో అన్నచేతో చెప్పిస్తాడు. ప్రేమతో చెప్పిన ఆ మాటకే కేసులు చచ్చిపోతున్నాయి. చెప్పినవాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల భయం నిజమైన భయం. ఆ భయం తీరాలంటే ఒక్క కుటుంబం చాలదు.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పి ముఖ్య ముద్దాయికి యావజ్జీవం వేసింది. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్షపడ్డ అందర్నీ వదిలేసింది. రెండుచోట్లా 23 ఏళ్లు! 23 ఏళ్లు కోర్టు గుమ్మం తొక్కడమంటే ఎన్ని కూలి రోజులు పోయినట్టు? ఎందరు పిల్లల చదువు ఆగిపోయినట్టు?

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసి 15ఏ సెక్షన్ చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. బాధితులకీ, వాళ్లమీద ఆధారపడ్డవాళ్లకీ, సాక్షులకీ రక్షణ ఇవ్వాలని అది చెబుతోంది. దర్యాప్తప్పుడూ విచారణప్పుడూ దారిఖర్చు, పోషణ ఖర్చు సర్కారే పెట్టుకోవాలి. 1995 నిబంధనల్లో చనిపోయినవాళ్ల కుటుంబానికి పింఛను, పిల్లల చదువు కూడా ఉన్నాయి. ఇదేం దానం కాదు, హక్కు.

కార్యకర్తలారా, ఈ సెక్షన్‌ని పేటల్లో చదివి వినిపించండి. కాయితం మీద రాసి కలెక్టరుకీ ప్రత్యేక కోర్టుకీ ఇప్పించండి. ఒక్క సాక్షి కోర్టుకి బయల్దేరితే పేటంతా వెంట నడవాలి. ఒకరి కన్నీళ్లు ఒకరం తుడుచుకోవడం మనకు తెలుసు. ఆ కన్నీళ్లకు జవాబు చెప్పాల్సినవాళ్లను నిలదీయడం కూడా మన చుట్టరికంలో భాగమే.