పెంపునకు రాయితీ ముసుగు

హైదరాబాద్ మెట్రో రైలు చార్జీలను 2025 మే 17 నుంచి పెంచిన ఎల్ అండ్ టీ మెట్రో రైల్ సంస్థ, వారం తిరిగేలోపే ఒక మెట్టు దిగినట్లు కనిపిస్తూ, కొత్త చార్జీలపై 10 శాతం రాయితీని మే 24 నుంచి అమలు చేస్తామని ప్రకటించింది. 12 రూపాయలకు చేరిన కనీస చార్జీ 11కు, 75 రూపాయలకు చేరిన గరిష్ఠ చార్జీ 69కి తగ్గిన మాట నిజమే. అయితే మే 16 దాకా అవే చార్జీలు 10 రూపాయలు, 60 రూపాయలుగా ఉండేవన్న సంగతిని మరిపించేలా, పెంపుదలనే ఉపకారంగా చూపించడం రోజూ ఉద్యోగాలకు వెళ్లివచ్చే లక్షల మంది నగరవాసుల వివేచనను చిన్నచూపు చూడటమే అవుతుంది.

2017 నవంబరులో రైళ్లు నడవడం మొదలైన నాటి నుంచి చార్జీలు పెరగలేదన్నదీ, సంచిత నష్టాలు 6,500 కోట్ల రూపాయలు దాటాయన్నదీ, హైకోర్టు మాజీ న్యాయమూర్తి నాయకత్వంలోని చార్జీల నిర్ణయ కమిటీ 2023 జనవరిలోనే పెంపును సిఫారసు చేసిందన్నదీ కొట్టిపారేయదగిన వాదనలు కావు. పెంపు తప్పనిసరి అని నమ్మితే ఆ మాటను సూటిగా చెప్పే హక్కు సంస్థకు ఉంది. ప్రయాణికులు దానితో ఏకీభవించకపోయినా, కనీసం లెక్క నిజాయితీగా ఉందని ఒప్పుకునేవారు. ఇక్కడ కొరవడినది ఆ నిజాయితీయే.

సంస్థ ప్రకటించిన సంఖ్యలనే తీసుకుని చూస్తే, 10 శాతం అన్న మాటే నిలబడదు. మెట్రో చార్జీలు స్లాబుల ప్రకారం, అంటే ప్రయాణించే దూరాన్ని అంచెలుగా విడగొట్టి ఒక్కో అంచెకు ఒక్కో ధర చొప్పున, నిర్ణయమవుతాయి. 24 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి 75 రూపాయలలో 10 శాతం తీసివేస్తే 67 రూపాయల 50 పైసలు కావాలి. వసూలు చేస్తున్నది 69, అంటే తగ్గింపు 8 శాతం మాత్రమే. 2 నుంచి 4 కిలోమీటర్ల అంచెలో 18 రూపాయలను 17 చేశారు. ఆ ఒక్క రూపాయి 6 శాతానికి కూడా సరిపోదు. పైసలను పై రూపాయికి సర్దడం వల్ల ఈ తేడా వచ్చిందని ఎవరైనా సమర్థించబోతే, 9 నుంచి 12 కిలోమీటర్ల అంచె వారి నోరు మూయిస్తుంది. అక్కడ కొత్త చార్జీ 50 రూపాయలు, అందులో పదో వంతు సరిగ్గా 5 రూపాయలు, మిగలవలసింది 45. సర్దుబాటు చేయడానికి ఒక్క పైసా కూడా మిగలని ఆ లెక్కలో ప్రయాణికుడు చెల్లిస్తున్నది 47. 30 రూపాయలకు 27 కాకుండా 28, 40కి 36 కాకుండా 37, 60కి 54 కాకుండా 56, 70కి 63 కాకుండా 65 పెట్టారు. పది అంచెల్లో ఒక్కదానిలోనూ తగ్గింపు 10 శాతానికి చేరలేదు. నాలుగో తరగతి విద్యార్థి పలకపై చేయగల తీసివేతను నగరపు అతి పెద్ద ప్రజా రవాణా ప్రాజెక్టు నిర్వాహకులు తప్పు చేశారని నమ్మడం కష్టం. ఇన్ని అంచెల్లోనూ తప్పు ఒకే దిక్కుకు, సంస్థకు లాభం చేకూరే దిక్కుకే, మొగ్గిందని నమ్మడం మరీ కష్టం.

ఇంతకంటే లోతైన మరుగు అంచెల హద్దుల్లో ఉంది. చార్జీలు పెంచినప్పుడు ధరలు ఒక్కటే మారలేదు, దూరాల గీతలూ జరిగాయి. పాత పట్టికలో 10 నుంచి 14 కిలోమీటర్ల దాకా ఒకే అంచెగా ఉండి 40 రూపాయలతో ముగిసేది. కొత్త పట్టికలో 12 కిలోమీటర్ల దగ్గర మరో గీత పడి, 12 నుంచి 15 కిలోమీటర్ల ప్రయాణం 55 రూపాయలకు ఎగబాకి, రాయితీ అనిపించుకున్న తరువాత 51 దగ్గర ఆగింది. ఇల్లు, ఉద్యోగం మధ్య దూరం 13 కిలోమీటర్లున్న మనిషికి ఇది 27 శాతానికి మించిన పెంపు. తొమ్మిదిన్నర కిలోమీటర్లు వెళ్లే ఉద్యోగి స్థితి ఇంకా కష్టం. మే 16న 35 రూపాయలు చెల్లించిన ఆ వ్యక్తి ఇప్పుడు 47 చెల్లిస్తున్నాడు, అంటే రాయితీ పోగా మూడో వంతుకు పైగా అదనం. కనీస, గరిష్ఠ చార్జీలను మాత్రమే ముందు పెట్టి మాట్లాడినప్పుడు, నగరంలో ఎక్కువగా జరిగే ఈ మధ్యదూరపు ప్రయాణాలు కనబడకుండా పోతాయి. కనీస చార్జీపై రూపాయి, గరిష్ఠ చార్జీపై తొమ్మిది రూపాయలు పెరిగాయన్న చిత్రమే జనం మనసులో మిగులుతుంది.

నెల లెక్క చూస్తే బరువు స్పష్టమవుతుంది. 13 కిలోమీటర్ల దూరాన్ని నెలకు 26 రోజులు రానూపోనూ ప్రయాణించేవారు మే 16 వరకు 2,080 రూపాయలు ఖర్చుపెట్టేవారు. ఇప్పుడు 2,652 పెట్టాలి. రాయితీ పేరిట మిగిలినది 208 రూపాయలైతే, పెంపు పేరిట పోయినది 572. చార్జీలు పెరిగిన 2025 మేలో అదే నగరంలో ఆర్టీసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల నెలవారీ పాస్ 1,300 రూపాయలకు దొరికేది.

రాయితీకి చట్టపరమైన స్థితి ఏమిటన్నది కూడా చిన్న విషయం కాదు. 2002 నాటి మెట్రో రైళ్ల నిర్వహణ చట్టం ప్రకారం కమిటీ సిఫారసు చేసిన చార్జీకి నిర్వాహకులు కట్టుబడాలి. రాయితీకి మాత్రం అలాంటి కట్టుబాటేదీ లేదు, ఇచ్చిన చేతితోనే మరునాడు తీసేసుకోవచ్చు. పట్టికలో 75 రూపాయలు అలాగే ఉండి, వసూలు మాత్రం 69 అయినప్పుడు, మిగతా 6 రూపాయలు ప్రయాణికుడి హక్కుగా కాక సంస్థ దయగా మారతాయి. తగ్గించాలన్నదే ఉద్దేశమైతే పట్టికనే సవరించి ఉండవలసింది. స్మార్ట్‌కార్డు వాడేవారికి అన్ని వేళల్లో దక్కిన 10 శాతం తగ్గింపును 2023 ఏప్రిల్‌లో ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 8 తరువాత ప్రయాణాలకే పరిమితం చేసి, ఆఫీసు వేళల్లో వెళ్లేవారికి దూరం చేసిన అనుభవం నగరవాసులకు ఇప్పటికే ఉంది.

రోజూ ఒకే దారిలో వెళ్లేవారికి చవకైన టికెట్ ఎలా ఉండాలో భారతీయ రైల్వే ఎప్పుడో తేల్చింది. అదే సీజన్ టికెట్, అంటే నెలకు ఒకేసారి డబ్బు కట్టి నిర్దేశిత రెండు స్టేషన్ల మధ్య ఎన్నిసార్లయినా తిరిగే వీలున్న పాస్. దాని ధరను సుమారు 15 ఒంటివైపు ప్రయాణాల చార్జీకి సమానంగా లెక్కగడతారు. 2014 జూన్‌లో దాన్ని 30 ప్రయాణాల చార్జీకి పెంచే ప్రయత్నం జరిగి, వ్యతిరేకత రాగా సబర్బన్ రైళ్లలో పాత పద్ధతే కొనసాగింది. నగరంలో తిరిగే ఎంఎంటీఎస్ సబర్బన్ రైళ్లలో ఆ సౌకర్యం నేటికీ ఉంది, కనీస చార్జీ 5 రూపాయలే. కాకపోతే రైళ్లు తక్కువ, ఎడం ఎక్కువ, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినవారు ఆఫీసుకు చేరడానికి మళ్లీ షేర్ ఆటో ఎక్కాలి. మెట్రోలో నెలకు 52 సార్లు ప్రయాణించేవారు 52 సార్లకూ పూర్తి చార్జీ చెల్లిస్తున్నారు. నెలవారీ పాస్ ఇవ్వడం సంస్థకు చేతకానిదేమీ కాదు. విద్యార్థులకు 20 ప్రయాణాల ధరతో 30 ప్రయాణాలు ఇచ్చే పాస్‌ను 2023 నుంచి ఇదే సంస్థ అమ్మింది. 2021 చివరలో కొవిడ్ దెబ్బకు ఖాళీ అయిన రైళ్లను నింపుకోవడానికి అదే పద్ధతిని సువర్ణ ఆఫర్ పేరుతో అందరికీ తెరిచింది. జనం కావలసి వచ్చినప్పుడు సాధ్యమైన పాస్, జనం నిలబడి ప్రయాణిస్తున్న కాలంలో అసాధ్యమెలా అవుతుందో వివరణ లేదు.

చార్జీలతోనే నెట్టుకురావాలన్న షరతు మీద ఈ ప్రాజెక్టు మొదలు కాలేదు. స్టేషన్ల వద్ద, డిపోల వద్ద కలిపి 269 ఎకరాలను వాణిజ్య నిర్మాణాల కోసం అప్పగించారు. ఆ భూమిపై రావలసిన ఆదాయం రాకపోతే, ఆ లోటును ఆఫీసు వేళ కంపార్టుమెంటులో నిలబడిన ఉద్యోగి జేబు నుంచి పూడ్చడం న్యాయమని ఏ లెక్క చెప్పదు.

రాష్ట్ర ప్రభుత్వం ఈ విషయంలో మౌనంగా ఉండటం తగదు. ప్రకటించిన 10 శాతం ప్రతి అంచెలోనూ నిజంగా 10 శాతమయ్యేలా వెంటనే సరిచేయించాలి. తగ్గిన ధరలను రాయితీగా కాక అధికారిక చార్జీల పట్టికగా నోటిఫై చేయించాలి. 12 కిలోమీటర్ల దగ్గర కొత్తగా గీసిన గీతను తొలగించాలి. రోజువారీ ప్రయాణికులకు 30 ఒంటివైపు ప్రయాణాల ధరకు మించని నెలవారీ పాస్ ప్రవేశపెట్టించాలి. అప్పటిదాకా 50 రూపాయల్లో 10 శాతం మూడు రూపాయలేనని చెప్పే ప్రకటనను నగరవాసులు రాయితీగా అంగీకరించనక్కరలేదు.