సెట్టు కొత్తది... స్టేషన్ ఏదీ?

బోధన్ నుంచి బాన్సువాడ వెళ్లే దారిలో ఉంటుంది రుద్రూర్. చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు. అక్కడి రైతు ఒకాయన తన కారుకు కొత్త టచ్‌స్క్రీన్ సెట్టు పెట్టించుకున్నాడనుకోండి. తొమ్మిదంగుళాల తెర. ఫోను కలుస్తుంది, దారి చూపిస్తుంది, పాట అదిరిపోతుంది. తీరా ఇల్లు చేరేసరికి ఒక్కొక్కటే బయటపడుతుంది. స్టీరింగ్ మీద బటన్ నొక్కితే సౌండు పెరగదు. రివర్స్ గేరు వేస్తే కెమెరా బొమ్మ రాదు. నిజామాబాద్ ఆకాశవాణి 103.2 అయితే అసలే పలకదు.

‘ఏం తమ్మీ, కొత్తది పెడితే ఉన్నయి పోయినయేంది?’

‘గవన్నీ కంపెనీ సెట్టుకే వస్తయి పటేలా!’

ఈ జవాబుతో చాలామంది సరిపెట్టుకుంటారు. నిజానికి వాటిలో చాలామటుకు కొత్త సెట్టుకూ వస్తాయి. బిగించేవాడికి ఓపిక ఉండాలంతే.

కోస్తే తేలిక... కలిపితే మేలు

1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియో అమ్మకానికి తెచ్చినప్పుడు అది వట్టి రేడియోనే. ‘మోటార్’కు ‘ఓలా’ తగిలించి వాళ్లు పెట్టిన పేరే మోటొరోలా. ఇప్పటి సెట్టు అలా కాదు. స్టీరింగ్ బటన్లు, కెమెరా, యాంటెన్నా, డ్యాష్‌బోర్డు లైటు... అన్నిటి తీగలూ దాని వెనక్కే వస్తాయి. అక్కడున్న కప్లర్‌ని కోసేసి, తీగకు తీగ మెలేసి, టేపు చుడితే పని గంటలో అయిపోతుంది. కానీ ఎండకు టేపు జిగురు వదులుతుంది. తీగలు ఒరుసుకుంటాయి. వారంటీలో ఉన్న బండైతే కోసిన వైరింగుకు కంపెనీ పూచీ పడకపోవచ్చు.

దీనికి మందు అడాప్టర్ కప్లర్. ఒక కొస బండి కప్లర్‌లోకి, రెండో కొస కొత్త సెట్టులోకి వెళ్తుంది. ఒక్క తీగ కూడా తెగదు. బండి అమ్మే రోజున పాత సెట్టు మళ్లీ పెట్టుకోవచ్చు. అందుకే ఊడదీసిన సెట్టును షాపులో వదిలేయకూడదు.

బయట దొరికే సెట్లలో సాధారణంగా పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎర్ర తీగకు తాళం తిప్పితేనే రావాలి. నల్లది ఎర్తు. మొదటి రెండూ తారుమారైతే తాళం తీసినప్పుడల్లా దాచుకున్న స్టేషన్లు పోతాయి. రెండూ కలిపి నేరుగా బ్యాటరీకి కడితే బండి ఆపినా సెట్టు కరెంటు తాగుతూనే ఉంటుంది. నాట్ల పనిలో పడి నాలుగు రోజులు బండి తీయకపోతే ఐదోరోజు సెల్ఫ్ కొట్టదు.

బటన్ల భాష

చాలా కార్లలో స్టీరింగ్ బటన్లన్నీ ఒకటి రెండు తీగల మీదే నడుస్తాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో రెసిస్టర్. ఎంత వోల్టేజి వచ్చిందో చూసి సెట్టు ఏ బటనో పోల్చుకుంటుంది. కొత్త సెట్టులో ‘కీ 1’, ‘కీ 2’ తీగలు ఇందుకే. వాటిని కలిపి, సెట్టింగుల్లోకి వెళ్లి, ఒక్కో బటన్ నొక్కి ఇది సౌండు, ఇది ఫోను అని నేర్పాలి.

కొన్ని కార్లలో బటన్ల సంగతి క్యాన్ బస్ ద్వారా సంకేతాలుగా వస్తుంది. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. అలాంటి బండికి ఆ మోడల్ కోసమే చేసిన డీకోడర్ పెట్టె కావాలి. అది లేకుండా ఎన్ని తీగలు కలిపినా లాభం లేదు.

కెమెరా దగ్గర మరింత జాగ్రత్త. కొన్ని కంపెనీ కెమెరాలు 6 వోల్టులవి. నేరుగా 12 వోల్టులిస్తే కాలిపోతాయి. 2019 జులై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. కొన్ని బండ్లలో ఆ బీప్ స్పీకర్లలోంచే వస్తుంది. సెట్టు మారాక అది ఆగిందేమో చూసుకోవాలి. వాకిట్లో పిల్లలు ఆడుకునే ఇంటికి పాట లేకపోయినా ఫర్వాలేదు, ఆ బీప్ ఉండాలి.

103.2 ఎటు పోయింది?

దీనికి రెండు కారణాలుంటాయి. ఒకటి యాంటెన్నా. దానిలో చిన్న యాంప్లిఫైర్ ఉంటే సెట్టు నీలం తీగ నుంచి దానికి కరెంటు అందాలి. ఆ తీగ కలపడం మరిస్తే స్టేషన్లు గరగరమంటాయి.

రెండోది చిత్రమైనది. అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషన్లన్నీ 103.1, 103.3 ఇలా బేసి అంకెల మీదే ఉంటాయి. సెట్టు రేడియో సెట్టింగు ‘అమెరికా’ మీద ఉంటే అది 103.1 నుంచి 103.3కి గెంతుతుంది. మధ్యలో నిజామాబాద్ మిగిలిపోతుంది! ఆదిలాబాద్ 100.2దీ అదే గతి. ‘యూరప్’కు మారిస్తే సరి. పైసా ఖర్చు లేదు. ఇక హైదరాబాద్ ‘ఎ’ 738 కిలోహెర్ట్జ్ వినే అలవాటున్నవాళ్లు సెట్టుకు ఏ.ఎం. ఉందో లేదో కొనకముందే అడగాలి.

షాపు గుమ్మం దాటకముందే బటన్లన్నీ నొక్కాలి. రివర్స్ గేరు వేయాలి. లైట్లు వేసి చూడాలి. తాళం తీసి, మళ్లీ పెట్టి స్టేషన్లు నిలిచాయో లేదో చూడాలి. డబ్బు చేతిలో ఉన్నంతసేపే మాట చెల్లుతుంది. 103.2 పలికాకే జేబులో చెయ్యి పెట్టాలి.